పావించు బోల్టు నుంచి గాజుపలక దాకా

దాదాపు ఏ కెమెరానైనా బోర్లించి చూడండి. అడుగున మరలున్న చిల్లు ఒకటి ఉంటుంది. దాని వ్యాసం పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. కంపెనీ మారినా, ధర వేలల్లోంచి లక్షల్లోకి వెళ్ళినా ఈ కొలత మారదు. పెద్ద సినిమా కెమెరాలకి దీని పక్కనే కాస్త లావుపాటిది, 3/8 అంగుళాలది, ఇంకొకటి ఉంటుంది, అంతే. సెల్‌ఫోన్‌కి ఈ చిల్లు లేదు గానీ ఫోన్‌ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పుకి ఉంది. వంటో పాఠమో పాటో ఇంట్లోనే చిత్రీకరించి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు తమ సామాను తామే చేసుకోగలుగుతున్నారంటే మొదటి కారణం ఇదే. ఇందులో ఇమిడే బోల్టు ఒకటి ఉంటే చాలు, చెక్కకీ ఇనప గొట్టానికీ పీవీసీ పైపుకీ దేనికైనా కెమెరాని బిగించవచ్చు.

హార్డ్‌వేర్ షాపులో పావించు బోల్టు అడిగితే ఒక్కోసారి 6 మిల్లీమీటర్ల బోల్టు చేతిలో పెడతారు. కంటికి తేడా తెలియదు. పావించు అంటే 6.35 మి.మీ., మరకీ మరకీ మధ్య ఎడం 1.27 మి.మీ. మెట్రిక్ బోల్టుకి ఆ ఎడం 1 మి.మీ. మాత్రమే. అందుకే అది ఒకటి రెండు చుట్లు వదులుగా తిరిగి, ఆ పైన పట్టేస్తుంది. పానా పెట్టి బిగిస్తే కెమెరా అడుగునున్న మెత్తటి లోహపు మరలు నలిగిపోతాయి. విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతలోని పావించు బోల్టు అయితే సరిపోతుంది. దానికీ అంగుళానికి 20 మరలే, కోసిన కోణంలోనే 5 డిగ్రీల తేడా. క్లిప్పుని షాపుకే పట్టుకెళ్ళి వేళ్ళతో తిప్పి చూసుకోవడం మేలు. వేళ్ళతో ఎక్కని బోల్టు ఆ చిల్లుది కాదు. పొడవు కూడా చూసుకోవాలి. చెక్కని దాటి పైకి వచ్చే భాగం 5 మి.మీ. మించితే బోల్టు కొస లోపలి అడుగుని పొడుస్తుంది.

ఈ బోల్టుతో అయ్యే అతి చిన్న పరికరానికి ఇంకో రెండు వస్తువులు చాలు: రెండు మీటర్ల నైలాన్ తాడు, ఒక పెద్ద వాషర్. తాడు ఒక కొస బోల్టు తలకి, రెండోది వాషర్‌కి కడతారు. వాషర్‌ని పాదంతో తొక్కిపెట్టి, కెమెరాని కంటి ఎత్తుకి లేపి, తాడు బిగిసేదాకా పైకి లాగి పట్టుకుంటారు. చేతిలో కెమెరా వణకడానికి కారణం బలహీనత కాదు. బరువుని గాల్లో నిలపడానికి కండరాలు క్షణక్షణం కొంచెం పైకీ కొంచెం కిందికీ సవరించుకుంటూ ఉంటాయి, ఆ సవరింపులే తెర మీద వణుకుగా కనిపిస్తాయి. తాడుని లాగి పట్టినప్పుడు కండరానికి ఒకే దిక్కున పని. పైకి పోనివ్వకుండా తాడు ఆపుతుంది, కిందికి రానివ్వకుండా చెయ్యి ఆపుతుంది. తాడుని ఉచ్చులా చేసి రెండు పాదాల కిందా తొక్కితే అది త్రికోణమై పక్కలకి ఊగడం కూడా తగ్గుతుంది. సంచిలో ఒక మూలన పడి ఉండే ఈ తాడు చాలా సందర్భాల్లో నాసిరకం స్టాండు కన్నా నయం.

ఇంట్లో చేసినవి ఎందుకు చవకో ఇక్కడే చెప్పుకోవాలి. నాసిరకం సరుకు వాడటం వల్ల అనుకుంటారు చాలామంది. నేనలా అనుకోను. షాపులో అమ్మే స్టాండు ఎవరు కొంటారో చేసినవాడికి తెలియదు. పొడుగువాళ్ళకీ పొట్టివాళ్ళకీ, బరువు కెమెరాకీ తేలిక ఫోన్‌కీ అది పనికిరావాలి. కాబట్టి ప్రతి కీలు దగ్గరా ఒక మీట, ప్రతి గొట్టం లోపల ఇంకో గొట్టం. మనం చెల్లించే ధరలో పెద్ద భాగం ఈ సర్దుబాట్లకే. ఇంట్లో చేసుకునేవాడికి తన బల్ల ఎత్తు తెలుసు, తన ఫోన్ వెడల్పు తెలుసు, తను కూర్చునే కుర్చీ తెలుసు. సర్దుబాటు అక్కర్లేని చోట మేకు కొట్టేస్తాడు. మేకు మీట కన్నా చవక, పైగా జారదు.

పై నుంచి కిందికి చూసే కెమెరా అమరికలో ఈ సూత్రం బాగా కనిపిస్తుంది. మూకుట్లో పోపు చిటపటలాడుతుంటే దాన్ని నిట్టనిలువునా పై నుంచి చూపించాలి. మామూలు స్టాండుతో అది కుదరదు, స్టాండు కాళ్ళు స్టవ్వుకి అడ్డం వస్తాయి. అందుకని స్టవ్వు గట్టు పక్కన ఒక నిలువు కర్ర, దాని మీద అడ్డకర్ర, అడ్డకర్ర కొసన ఫోన్ క్లిప్పు. క్లిప్పుతో కలిసి ఫోన్ 200 గ్రాములు, నిలువు కర్రకి 60 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. అడ్డకర్ర రెండో వైపు 15 సెం.మీ. దూరంలో 800 గ్రాములు వేలాడదీస్తే లెక్క సరిపోతుంది. అర లీటరు సీసా నిండా ఇసుక పోస్తే దాదాపు అంతే తూగుతుంది. కర్ర సొంత బరువు కూడా ఈ లెక్కలో కలుస్తుంది గనక సీసాని అటూ ఇటూ జరిపి, చెయ్యి వదిలినా కర్ర ఒరగని చోట తాడుతో బిగించేయాలి. ఫోన్‌ని మరీ కిందికి దించితే ఆవిరి పట్టి చిత్రం మసకబారుతుంది. ఎత్తులో ఉంచి, రెండింతలు దగ్గరికి చూపించే లెన్సు ఫోన్‌లో ఉంటే దాన్ని వాడుకోవడం మంచిది.

ఇక నిట్టనిలువు సంగతి. ఫోన్ రెండు డిగ్రీలు పక్కకి వాలినా గుండ్రటి పళ్ళెం కోలగా, చదరపు పీట ఒక పక్క సన్నగా కనిపిస్తుంది. బుడగ ఉన్న లెవెల్‌తో చూడవచ్చు గానీ, స్టవ్వు గట్టే కొంచెం వాలుగా ఉంటే? అప్పుడు కావలసింది భూమికి లంబం కాదు, గట్టుకి లంబం. దానికి, కాగితాల్ని పై నుంచి ఫోటో తీసే పాత కాపీ స్టాండుల వాళ్ళు వాడిన కిటుకు ఒకటుంది. గట్టు మీద చిన్న అద్దం పెట్టి ఫోన్ తెర మీద చూడాలి. అద్దంలో ఫోన్ లెన్సు తన ప్రతిబింబాన్ని తనే చూసుకుంటుంది. ఆ ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యకి వచ్చిందంటే కెమెరా చూపు గట్టుకి లంబంగా ఉన్నట్టే. కాంతి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలంటే అద్దానికి లంబంగా తగలాలి, వేరే దారి లేదు. ఒక్క అద్దం ముక్కతో రెండు దిక్కుల వాలూ ఒకేసారి తేలిపోతాయి.

కెమెరా చిత్రీకరణ మధ్యలో పైకి లేవాలంటే ఇదే కర్రని కీలు మీద తిప్పాలి. ఒకవైపు పొడుగు చెయ్యి, రెండోవైపు బరువు, మధ్యలో ఇరుసు: ఒకప్పుడు మన బావుల దగ్గర ఉండే ఏతమే ఇది. ఏతానికి ఒక చిక్కుంది. చెయ్యి పైకి లేచేకొద్దీ దానికి బిగించిన వస్తువు కూడా తల ఎత్తేస్తుంది. బొక్కెనకి ఆ ఇబ్బంది లేదు, తాడుకి వేలాడుతుంది గనక. కెమెరాకి ఉంది. అందుకే కెమెరాని ఇలా పైకి లేపే జిబ్ అనే పరికరంలో ఒక కర్ర బదులు రెండు, ఒకదాని కింద ఒకటి సమానాంతరంగా పెడతారు. ఇరుసు దగ్గర రెండు కీళ్ళు, కెమెరా దగ్గర రెండు కీళ్ళు. నాలుగూ కలిసి సమాంతర చతుర్భుజం. దాన్ని ఎంత వంచినా ఎదురెదురు భుజాలు సమానాంతరంగానే ఉంటాయి. ఇరుసు దగ్గరి భుజం నిలువుగా స్థిరంగా ఉంది కాబట్టి కెమెరా దగ్గరి భుజమూ నిలువుగానే ఉంటుంది, కెమెరా తల ఎత్తదు, దించదు. తొమ్మిదో తరగతి జ్యామితి ఇది. చిల్లుల మధ్య దూరం రెండు కర్రల మీదా ఒకటే ఉండాలి. విడివిడిగా కొలిచి వేస్తే అర మిల్లీమీటరు తేడా ఎలాగూ వస్తుంది. రెండు కర్రల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టి, రెండింటిలోంచీ ఒకేసారి డ్రిల్లు దించితే కొలతతో పనే లేదు.

అన్నీ ఇంట్లో చేసుకోవాలనుకోవడం కూడా మొండితనమే. నడుస్తూ తీసినా చిత్రం కుదుపుకి లోనుకాకుండా చూసే స్టెడీకామ్‌ని గారెట్ బ్రౌన్ 1970లలో తయారు చేశాడు. జానీ చుంగ్ లీ అనే అమెరికన్ ఇంజనీరు నీళ్ళ గొట్టపు ముక్కలూ ఒక బరువూ కలిపి 14 డాలర్లలో దానికి ఒక చవక రూపం చేసి చూపించాడు. బరువుల్ని దూరదూరంగా పెడితే వస్తువు సులభంగా తిరగదన్న సూత్రం మీద అది నడుస్తుంది, చక్కటి ఆలోచన. కానీ మోటార్లున్న గింబల్ ఇప్పుడు అందుబాటు ధరలోనే దొరుకుతోంది. అది కొనుక్కుని, చేతులకున్న ఓపికని ప్రాంప్టర్ మీద పెట్టడం న్యాయం.

పాఠాలు చెప్పేవాళ్ళ కళ్ళు కెమెరాలోకి చూస్తూనే కాగితం చదవాలి. ఆ వైరుధ్యాన్ని ప్రాంప్టర్‌లోని ఒక గాజుపలక తీరుస్తుంది. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ రంగస్థలం మీద ఏటవాలు గాజుతో దెయ్యాన్ని చూపించాడు. ప్రేక్షకులకి గాజు కనిపించదు, దాని వెనక నిజమైన నటుడూ, దానిలో ప్రతిబింబించిన దాగి ఉన్న నటుడూ ఒకే చోట కనిపిస్తారు. 1950లలో అమెరికన్ టీవీ నిర్మాత జెస్ ఓపెన్‌హైమర్ ఇదే ఉపాయాన్ని కెమెరా లెన్సు ముందుకి తెచ్చి పేటెంటు తీసుకున్నాడు. దెయ్యం స్థానంలో అక్షరాలు వచ్చాయి.

దాని నిర్మాణం ఇలా ఉంటుంది. మూడు వైపుల గోడలూ అడుగూ ఉన్న పెట్టె, ప్లైవుడ్‌దైనా గట్టి అట్టదైనా. అడుగున టాబ్లెట్ వెల్లకిలా పడుకుంటుంది. దాని మీదుగా గాజు 45 డిగ్రీల వాలులో నిలబడుతుంది. కింది అంచు కెమెరా వైపు, పై అంచు చదివే మనిషి మీదికి వాలుతూ. 45 డిగ్రీలకి కోణమానిని అక్కర్లేదు. చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకి మడిస్తే మడత గీతే ఆ కోణం. పక్క గోడల్ని చదరంగా కోసి, ఆ గీత వెంట సన్నటి చెక్క పట్టీలు అతికిస్తే గాజు వాటి మీద కూర్చుంటుంది. టాబ్లెట్ నుంచి పైకి వెళ్ళిన కాంతిలో కొంత గాజుకి తగిలి మనిషి వైపు మళ్ళుతుంది. గాజు వెనక ఉన్న కెమెరా మాత్రం మనిషిని సూటిగా చూస్తూ ఉంటుంది. అక్షరాల కాంతి ముందుకీ పైకీ పోతుందే తప్ప కెమెరా వైపు రాదు. అందుకే వీడియోలో ఒక్క అక్షరమూ కనిపించదు.

మామూలు గాజు 45 డిగ్రీల దగ్గర రెండు తలాల మీదా కలిపి పదో వంతు కాంతిని తిప్పి పంపుతుంది, మిగతాది దాటిపోనిస్తుంది. ఈ పంపకం మనకి అనుకూలమే. కెమెరాకి వెలుతురు ఎక్కువ కావాలి, నల్లటి తెర మీది తెల్లటి అక్షరాలకి పదో వంతు చాలు. అయితే ఆ 'రెండు తలాలు' అన్నదే తలనొప్పి. ముందు తలం ఒక అక్షరాన్ని చూపిస్తే వెనక తలం దాని నీడని చూపిస్తుంది. 45 డిగ్రీల వద్ద ఈ రెండింటి మధ్య ఎడం గాజు మందంలో ముప్పావు వంతు. కిటికీకి వాడే 4 మి.మీ. గాజు పెడితే నీడ 3 మి.మీ. పక్కకి పడుతుంది, తెలుగు వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి చదవడం కష్టం. ఫోటో ఫ్రేములో వాడే 2 మి.మీ. గాజుకి ఎడం 1.5 మి.మీ.కి తగ్గుతుంది, మీటరున్నర దూరం నుంచి అది చదవడానికి అంతగా అడ్డు రాదు. కొన్ని టాబ్లెట్లని నిలువు నుంచి అడ్డానికి తిప్పితే అక్షరాలు ఒక్కసారిగా మసకబారతాయి. ఆ తెర నుంచి వచ్చే కాంతి ఒకే తలంలో కంపిస్తుంది, ఏటవాలు గాజు ఒక తలపు కాంతిని బాగా, రెండోదాన్ని చాలా తక్కువగా ప్రతిఫలిస్తుంది. పెట్టె కోయకముందే గాజు ముక్క చేత్తో పట్టుకుని రెండు రకాలుగానూ చూసుకుంటే, టాబ్లెట్ ఎలా పడుకోవాలో తెలిసిపోతుంది.

గాజు వెనక వైపు పైకి చూస్తూ ఉంటుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. పెట్టె పైభాగం తెరిచి ఉంటే గది కప్పు మీది ట్యూబులైటు కెమెరా లెన్సులో తెల్లటి పొగలా ప్రత్యక్షమవుతుంది. అందుకే కెమెరానీ గాజు వెనక భాగాన్నీ కలిపి పై నుంచి నల్లగుడ్డ కప్పుతారు. ఆ గుడ్డ అలంకారం కాదు, పరికరంలో గాజుతో సమానమైన భాగం. పెట్టె లోపలి గోడలకీ మెరుపు లేని నల్లరంగే వేయాలి.

గాజులో అక్షరాలు కుడి ఎడమలు మారతాయి కాబట్టి టాబ్లెట్‌లో ముందే తిప్పి రాయించాలి, ప్రాంప్టర్ యాప్‌లు ఆ పని చేస్తాయి. ఇంగ్లీషుకి పెట్టిన వరసల ఎడం మన లిపికి చాలదు. 'స్వాతంత్ర్యం' లాంటి మాటలో వత్తులు కిందికి దిగి, కింది వరసలోని గుడుల్ని తాకుతాయి. ఎడం దాదాపు రెట్టింపు చేయాలి. వరస పొడవు 12 సెం.మీ. దాటకుండా చూడాలి. మీటరున్నర దూరంలో అది కంటికి 5 డిగ్రీల లోపే, అంతకంటే పొడవైతే కనుగుడ్లు అటూ ఇటూ పరిగెత్తడం చూసేవాళ్ళు పట్టేస్తారు.

వెలుతురుకి సంబంధించినంత వరకు పెద్ద పాఠం మన దేశంలోనే పుట్టింది. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956) కోసం కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా కాశీ ఇంటి లోగిలిని స్టూడియోలో కట్టాడు. ఆకాశం నుంచి దిగే నీడలేని వెలుగుని దీపాలతో తేవడం ఎలా? ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర లోగిలి మీద తెల్లగుడ్డ పరిచి, దీపాల్ని ముఖాల మీదికి కాకుండా గుడ్డ మీదికి తిప్పాడు. తిరిగి వచ్చిన కాంతే చిత్రాన్ని వెలిగించింది. నీడ అంచు మెత్తగా ఉంటుందా, కత్తిరించినట్టు ఉంటుందా అన్నది దీపపు శక్తి మీద కాదు, మనిషి ఉన్న చోటు నుంచి చూస్తే ఆ వెలుగు ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎల్‌ఈడీ బల్బు చిన్నది, దాని వెలుగు పడిన థర్మోకోల్ షీటు పెద్దది. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు షీట్లు రెండు పక్కపక్కన టేపుతో అతికిస్తే అది పుస్తకంలా తెరుచుకుంటుంది, తనంతట తాను నిలబడుతుంది. పాత హాలోజెన్ దీపాన్ని మాత్రం దాని దగ్గరికి తేకూడదు, థర్మోకోల్ వేడికి కరిగిపోతుంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులది కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. ఫోన్‌లో షట్టర్‌ని 1/50 దగ్గరో 1/100 దగ్గరో నిలిపేస్తే ప్రతి ఫ్రేములోకీ సమానమైన వెలుగు చేరి, తెర మీద పాకే చారలు మాయమవుతాయి.

చిత్రం కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే వెళ్ళిపోతారు. ఇంట్లో చేసుకునే మైకుకి గుండెకాయ ఎలక్ట్రెట్ క్యాప్సూలు, బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ 1962లో రూపొందించినది. సెంటీమీటరు వ్యాసం ఉన్న చిన్న లోహపు డబ్బాలో పలచటి పొర, దాని వెనక ఒక పలక, శాశ్వతంగా నిలిచే విద్యుదావేశం. గొంతుకి పొర కదిలితే వోల్టేజీ మారుతుంది. ఆ మార్పు తీగ వెంట ప్రయాణించలేనంత బలహీనం, అందుకే డబ్బాలోనే ఒక చిన్న ట్రాన్సిస్టరు కూర్చుని దాన్ని అక్కడికక్కడే నిలబెడుతుంది. ట్రాన్సిస్టరుకి కావలసిన కొద్దిపాటి కరెంటు ఫోన్ పంపిస్తుంది, ధ్వని వచ్చే తీగ మీదే. రెండంటే రెండే తీగలు, వాటిలో కరెంటు అటు, మాట ఇటు. టంకం వేసేటప్పుడు క్యాప్సూలు వెనక రెండు పలకల్లో ఏది డబ్బా గోడకి సన్నటి గీతలతో కలిసి ఉందో అది గ్రౌండు. నాలుగు వలయాల జాక్‌లో ఇప్పటి ఫోన్లకి కొస నుంచి లెక్కపెడితే మూడోది గ్రౌండు, నాలుగోది మైకు.

ఈ మైకు ఖరీదైనదానికి సాటి రాదు, కానీ చొక్కా మీద కూర్చుంటుంది. మీటరు దూరం నుంచి 25 సెం.మీ.కి వస్తే గొంతు 12 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలోని ప్రతిధ్వని మాత్రం ఎక్కడ పెట్టినా దాదాపు అంతే ఉంటుంది, కాబట్టి దగ్గరికి జరిగిన ప్రతి అంగుళమూ మాటకే లాభం. జాక్ లేని కొత్త ఫోన్ అయితే మైకుని జాక్ ఉన్న పాత ఫోన్‌కి తగిలించి, దాన్ని జేబులో పెట్టుకుని, మొదట్లో ఒక చప్పట కొట్టాలి. చేతులు కలిసిన ఫ్రేమునీ, ధ్వని గీతలో లేచిన ముల్లునీ ఎడిటింగ్‌లో కలిపితే సరి. టైల్స్ నేల, సిమెంటు శ్లాబు ఉన్న గదుల్లో కెమెరా వెనక గోడకి రెండు బొంతలు వేలాడదీయాలి. ఫ్యాను ఆపక తప్పదు, మే నెలలో పాఠాలు చెప్పేవాళ్ళ వీడియోలు పొట్టిగా ఉండటానికి అదే కారణమని నా అనుమానం.

విడివిడిగా చక్కగా పనిచేసినవి ఒకే గదిలోకి వచ్చాక ఒకదానికొకటి అడ్డం పడతాయి. థర్మోకోల్ వెలుగు ప్రాంప్టర్ గాజు ముందు వైపు పడితే అక్షరాలు వెలిసిపోతాయి. షీటుని పక్కకి, గాజు కన్నా ముందుకి జరపాలి. బొంతల రంగు ముదురైతే అవి వెలుగుని మింగేస్తాయి, లేతరంగు పాత దుప్పటి పైన కప్పితే వెనక్కి వచ్చే వెలుతురు ముఖానికి సాయపడుతుంది. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళతో చివరి తగువు. వాళ్ళ అద్దాల్లో తెల్లటి షీటు చతురస్రంగా మెరుస్తుంది. షీటుని పైకి లేపుతూ పోతే ఆ మెరుపు అద్దంలో పైకి జరుగుతూ అంచు దాటిపోతుంది. ఇంకా మిగిలితే కళ్ళజోడు కాడల్ని చెవుల మీద నుంచి అర సెంటీమీటరు ఎత్తిపెట్టాలి. అద్దాలు కొద్దిగా కిందికి వాలి, మెరుపు కెమెరాకి కాక నేలకి వెళ్తుంది. షీటు ఎత్తు కుదిరిన చోట దాన్ని నిలబెట్టిన ఆధారం చుట్టూ, కుర్చీ నాలుగు కోళ్ళ చుట్టూ, ప్రాంప్టర్ బల్ల మూలల చుట్టూ నేల మీద రంగు టేపు అతికించేయాలి. మర్నాడు గది ఊడ్చినప్పుడు అన్నీ జరుగుతాయి, టేపు జరగదు.